తవ్వకముందే... నేల మాట వినాలి!

రోడ్డు మీద కనిపించేది తారే. దాని కింద కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు, గ్యాసు పైపులు, ఫోను కేబుళ్లు... ఓ పెద్ద అడవే ఉంటుంది. అందులో ఏది ఎక్కడుందో తవ్వకుండానే కనిపెట్టడం ఇప్పుడు ఓ చదువు. ఆ చదువు పాసైనవాళ్లు ఉంటేనే రోడ్డు మీద గొయ్యి తీయనిచ్చే దేశాలూ ఉన్నాయి.

చేతిలో సన్నటి పెట్టెలాంటి పరికరం. దాని అడుగుభాగం నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి. అటూ ఇటూ ఊపకూడదు. అడుగులో అడుగు వేసుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి. తర్వాత అదే నేల మీద అడ్డంగా మళ్లీ నడవాలి. బ్రిటన్‌లో భూగర్భ కేబుళ్ల జాడ తీయడం నేర్పే శిక్షణ కేంద్రాల్లో ఇది మామూలుగా కనిపించే దృశ్యమే. నేలలో ముందే తీగలూ గొట్టాలూ పాతిపెట్టి ఉంచుతారు. అవి ఎక్కడెక్కడున్నాయో, ఏ దిక్కుగా పోతున్నాయో నేర్చుకునేవాళ్లు చెప్పాలి. పరికరం కుయ్‌మన్నచోట రంగు చల్లాలి.

కొత్తవాళ్లు తప్పులో కాలేసేది ఎక్కువగా ఒకచోట. పరికరం కిక్కురుమనదు. 'ఇక్కడేమీ లేదు' అని రాసేస్తారు. అప్పుడు చూపించాల్సింది పక్కనే ఉన్న వీధిదీపం స్తంభం! దీపం ఉందంటే దానికో తీగ ఉండాలి కదా. మరి పరికరానికి ఎందుకు వినిపించలేదు? పట్టపగలు దీపం వెలగదు. వెలగనప్పుడు తీగలో కరెంటు పారదు. కరెంటు పారకపోతే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడదు. పరికరం వినేది ఆ క్షేత్రాన్నే. అలాగని అది చచ్చిన తీగేం కాదు. ఏ దీపానికి ఆ దీపం చీకటి పడగానే తనంతట తాను వెలిగే ఏర్పాటు ఉన్నచోట తీగలో వోల్టేజి పగలూ రాత్రీ నిండుగానే ఉంటుంది. పలుగు తగిలిందా... అంతే!

చప్పుడు లేదంటే తీగ లేదని కాదు. ఈ ఒక్క ముక్క ఒంటబట్టించుకోవడానికే సగం శిక్షణ సరిపోతుంది.

ఎనిమిది సెకన్లకో గొయ్యి

బ్రిటన్‌లో ఏటా సుమారు 40 లక్షల గోతులు తవ్వుతారని అక్కడి ప్రభుత్వ అంచనా. అంటే దాదాపు ఎనిమిది సెకన్లకు ఒకటి. ఆ తవ్వకాల్లో ఏడాదికి 60 వేలసార్లు ఏదో ఒక తీగో గొట్టమో తెగుతోందట. మరమ్మతులూ ఆగిన పనులూ ట్రాఫిక్ తిప్పలూ అన్నీ లెక్కేస్తే నష్టం 240 కోట్ల పౌండ్లు. మన దేశంలో అన్ని లెక్కలూ లేవుగానీ ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లే ఏటా 10 లక్షల సార్లు తెగుతున్నాయనీ, సమన్వయం లేని తవ్వకాలతో ఏటా 3000 కోట్ల రూపాయల దాకా నష్టం వస్తోందనీ 2023లో కేంద్రమే చెప్పింది.

కేబుల్ తెగితే కాసేపు ఇంటర్నెట్ పోతుంది, తిట్టుకుంటాం. 2011లో ఓ దేశం మొత్తం తిట్టుకుంది. జార్జియాలో 75 ఏళ్ల వృద్ధురాలొకావిడ రాగి తీగ ముక్కల కోసం నేల తవ్వుతూ పారతో ఫైబర్ కేబుల్‌ను తెంపేసిందట. పొరుగుదేశం ఆర్మేనియాలో చాలాభాగానికి ఇంటర్నెట్ వచ్చేది ఆ తీగ మీదే. గంటల తరబడి ఆగిపోయింది. పోలీసులు చెప్పిన కథ ఇదీ. ఆవిడ మాత్రం ఇంటర్నెట్ అంటే ఏంటో కూడా తనకు తెలియదు పొమ్మంది!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ అన్ని తీగలూ అలా ఊరుకోవు. కరెంటు కేబుల్‌లోకి పలుగు దిగితే షాక్ కన్నా ముందు వచ్చేది మంట. లోపలి తీగలు కలిసిపోయి పేలుడులాంటి మెరుపు పైకి తన్నుకొస్తుంది. గోతిలో వంగి ఉన్న మనిషికి అది తగిలేది చేతులకూ ముఖానికే. ఇలాంటి ప్రమాదాల్లో కాలిన గాయాలే ఎక్కువ.

ఓ వంపు... ఐదు ప్రాణాలు

2004 నవంబరు 9. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, వాల్‌నట్ క్రీక్ పట్టణం. పెద్ద నీటి గొట్టం వేయడానికి కందకం తవ్వుతున్నారు. ఆ పక్కనుంచే పెట్రోలియం పైపులైను పోతోందని అందరికీ తెలుసు. దాని దారి ఇదీ అని నేల మీద గుర్తులూ పెట్టారు. ఎక్స్‌కవేటర్ ఆ గుర్తులకు దూరంగానే పనిచేస్తోంది. అయినా బకెట్ పళ్లు పైపులో దిగాయి. ఎగజిమ్మిన ఇంధనం దగ్గర్లో జరుగుతున్న వెల్డింగ్‌తో అంటుకుంది. ఐదుగురు కార్మికులు చనిపోయారు.

గుర్తులు తప్పా? ఒకరకంగా తప్పు కాదు. గుర్తులు పెట్టిన చోట పైపు ఉంది. కాకపోతే ఒక గుర్తుకూ ఇంకో గుర్తుకూ మధ్య పైపు కాస్త పక్కకి వంపు తిరిగింది. ఆ వంపు నేల మీద గుర్తుల్లోకి రాలేదు. రెండు చుక్కలు పెట్టి మధ్యలో గీత గీసేస్తే ముగ్గు వస్తుందిగానీ పైపు రాదు. అందుకే శిక్షణలో పదేపదే చెప్పే మాట... తీగ జాడ దొరికాక దాని వెంటే నడవండి, గెంతకండి. ప్రతి కొన్ని అడుగులకూ ఆగి పరికరాన్ని ఉన్నచోటే గుండ్రంగా తిప్పి చూడాలి. పరికరం పలక తీగకు అడ్డంగా ఉన్నప్పుడు చప్పుడు గట్టిగా వస్తుంది. తీగతోపాటే వరసగా ఉంటే తగ్గిపోతుంది. తీగ ఎటు మళ్లిందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. చెప్పడానికి రెండు వాక్యాలే. ఎండలో, ట్రాఫిక్ మధ్యలో, వెనకాల జేసీబీ ఇంజిను ఆపకుండా డ్రైవరు ఎదురుచూస్తుంటే ఓపిగ్గా చేయడమే కష్టం.

అదే ఏడాది జులై 30న బెల్జియంలోని ఘిస్లెంఘియన్ పారిశ్రామికవాడలో గ్యాసు పైపులైను పేలి 24 మంది చనిపోయారు. గ్యాసు వాసన వస్తోందంటే వెళ్లిన అగ్నిమాపక సిబ్బందీ అందులో ఉన్నారు. ఆ రోజు అక్కడ ఎవరూ పైపు మీద పలుగు వేయలేదు. అంతకుముందు జరిగిన పనుల్లో యంత్రం పళ్లు పైపును గీరేశాయి. చిల్లు పడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత పైపులో ఒత్తిడి పెంచినప్పుడు గీరుకుపోయిన చోటే తెగింది. 'చిన్న గీతే కదా, మట్టి కప్పేద్దాం' అనుకునే మేస్త్రీలందరికీ ఈ కథ చెబుతారు.

గ్యాసు పైపు పేలితే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో జరిగింది ఎవరూ మర్చిపోలేదు. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ కారణం తవ్వకం కాదు, తుప్పు. కానీ ఊరి మధ్య నుంచి పోయే గొట్టంలో ఏముందో, అది బయటికొస్తే ఏమవుతుందో చూపించింది మాత్రం ఆ ఉదయమే.

వినడానికి మూడు దారులు

ఈ పరికరాన్ని బ్రిటన్‌లో ముద్దుగా 'క్యాట్' అంటారు. కేబుల్ అవాయిడెన్స్ టూల్ అనే పేరులోని తొలి అక్షరాలవి. దాని జోడీగా ఇంకో పెట్టె ఉంటుంది. పేరు జెనీ, అంటే సిగ్నల్ పుట్టించే జనరేటర్.

క్యాట్ మూడు రకాలుగా వింటుంది. మొదటిది కరెంటు పారే తీగ చుట్టూ పుట్టే 50 హెర్ట్జ్ గుంయిమనే చప్పుడు. రెండోది రేడియో. ఎక్కడో దూరాన ఉన్న శక్తిమంతమైన ప్రసార కేంద్రాల తరంగాలు నేలలోకి దిగి, పొడవాటి లోహపు తీగ దొరికితే దాని వెంట ప్రయాణిస్తాయి. అందుకని కరెంటు లేని ఫోను తీగ కూడా ఒక్కోసారి దొరికిపోతుంది. ఈ రెంటికీ నేలలో ఉన్నది తనంతట తాను పలకాలి. మూడోది అలా కాదు, మనమే పలికిస్తాం. జెనీని తీగకు నేరుగా కలిపిగానీ, పట్టీలాంటి క్లాంప్ తగిలించిగానీ, అదీ కుదరకపోతే నేల మీద పెట్టిగానీ 33 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను తీగలోకి ఎక్కిస్తారు. అప్పుడు వీధిదీపం తీగ కూడా పగలే నోరు విప్పుతుంది!

ఇంత మంచి పెట్టెను చాలామంది బండిలోనే వదిలేసి వస్తారు. మోయాలి, తగిలించాలి, ఇద్దరు మనుషులు కావాలి. క్యాట్ ఒక్కటి పట్టుకుని నాలుగడుగులు నడిస్తే పనైపోయినట్టే అనిపిస్తుంది. ఇప్పుడొచ్చే పరికరాలు మాత్రం అంత అమాయకం కాదు. ఎవరు ఎప్పుడు ఎక్కడ వాడారో, ఏ పద్ధతిలో ఎంతసేపు విన్నారో తమలోనే రాసిపెట్టుకుంటాయి. గడియారం లోలకంలా ఊపితే హెచ్చరిస్తాయి. వాడకుండానే 'చూశాం సార్, ఏం లేదు' అన్నవాళ్లు సాయంత్రానికి దొరికిపోతారు.

అన్నీ తెలిసినా బోల్తా పడే చోట్లు ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు తీగలు ఒకటిగా వినిపిస్తాయి. పైనున్న తీగ గట్టిగా అరుస్తుంటే దాని కిందున్న దాని గొంతు వినపడదు. మూడు ఫేజుల కేబుల్‌లో కరెంటు సమానంగా పారుతుంటే ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి మింగేసి నిండు కేబుల్ కాస్తా నిశ్శబ్దమైపోతుంది. ఇనుప కంచె పక్కన నిలబడితే కంచే పలుకుతుంది.

దీనికి వందేళ్లు దాటిన పాత కథొకటి ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌కు తుపాకీ గుండు తగిలింది. అది ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకు దొరకలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ లోహాన్ని పసిగట్టే యంత్రం తయారుచేసి తెచ్చాడు. యంత్రం మంచిదే. కానీ అధ్యక్షుడు పడుకున్న మంచం పరుపులో ఇనుప స్ప్రింగులున్నాయి. వెతికింది కూడా గుండు లేని వైపు. గార్‌ఫీల్డ్ బతకలేదు. చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో ఆలోచించకుండా చప్పుడొకటే వింటే ఇంతే సంగతులు.

ప్లాస్టిక్ మౌనవ్రతం

లోహం ఏదో విధంగా పలుకుతుంది. ప్లాస్టిక్ పలకదు. ఇప్పుడు వేస్తున్న నీళ్ల గొట్టాలూ ఇళ్లకు వచ్చే గ్యాసు పైపులూ చాలావరకు ప్లాస్టిక్కే. క్యాట్ దాని మీద నిలబడి వెయ్యిసార్లు విన్నా ఏమీ తెలియదు. పైపుతోపాటు సన్నటి లోహపు తీగను పాతిపెడితే సరే. లేకపోతే జీపీఆర్ రావాలి. గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ అంటారు. చూడ్డానికి పిల్లల బండిలా ఉంటుంది. తోసుకుంటూ పోతే నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చేవాటిని తెరమీద చూపిస్తుంది.

తెరమీద పైపు పైపులా కనిపిస్తే ఇక శిక్షణెందుకు! అక్కడ కనిపించేది బోర్లించిన గిన్నెలాంటి వంపు. బండి పైపు వైపు వస్తున్నప్పుడు దూరం తగ్గుతుంది, సరిగ్గా పైకొచ్చినప్పుడు అన్నింటికన్నా తక్కువ, దాటాక మళ్లీ పెరుగుతుంది. ఆ లెక్కే వంపుగా మారుతుంది. శిఖరం ఎక్కడుందో పైపు అక్కడ. ఆ శిఖరం పెద్ద రాయిదా, చెట్టు వేరుదా, పాత పునాదిదా, పైపుదా అని చెప్పడానికి అనుభవం కావాలి. డాక్టరు స్కానింగ్ చూసినట్టే ఇదీ.

పైగా రాడార్‌కు గిట్టని నేలలున్నాయి. తడి బంకమట్టి తరంగాలను మింగేస్తుంది. మన నల్లరేగడి సరిగ్గా ఆ జాతే. పత్తికి ఎంత మంచి నేలో రాడార్‌కు అంత చెడ్డది. వానాకాలం తడిసిన రేగడిలో యంత్రం నాలుగడుగుల లోతు కూడా సరిగ్గా చూడలేకపోవచ్చు. పొడి ఇసుకలో అదే యంత్రం దూసుకుపోతుంది.

యంత్రాలేవీ అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు ఎక్కడ వేయాలో చెప్పేవాళ్లు మన పల్లెల్లో కొత్త కాదు. 2017లో బ్రిటన్‌లో ఓ పరిశోధకురాలు అడిగితే, అక్కడి నీటి సంస్థల్లో చాలావాటి సిబ్బంది కూడా పైపుల జాడకు వంచిన చువ్వలు పట్టుకు తిరుగుతారని బయటపడింది. శాస్త్రీయ పరీక్షల్లో ఈ విద్య నెగ్గలేదు. నీళ్లు పడకపోతే పోయేది బోరు ఖర్చే. గ్యాసు పైపు దగ్గర కొబ్బరికాయను నమ్ముకోలేం.

మ్యాపు నుంచి మట్టి దాకా

బ్రిటన్‌లో 1991 నాటి రోడ్డు పనుల చట్టం ప్రకారం తవ్వే బృందంలోనూ, పర్యవేక్షించేవాళ్లలోనూ అర్హత కార్డు ఉన్నవాళ్లు ఉండాలి. భూగర్భ తీగలూ గొట్టాల జాడ తీసి తప్పించుకోవడం అందులో తొలి పాఠం. ఇది కూలీ స్థాయి శిక్షణ. ఆపైన సర్వేయర్లకు ఇంకో చదువు ఉంది. 2014లో అక్కడ పీఏఎస్ 128 అని ఒక ప్రమాణం వచ్చింది. ఆ ప్రకారం 'ఇక్కడ పైపు ఉంది' అంటే చాలదు. ఎంత నమ్మకంగా చెబుతున్నారో కూడా చెప్పాలి. కాగితాలు చూసి చెబితే 'డి'. చోటుకు వెళ్లి మూతలూ స్తంభాలూ చూసి చెబితే 'సి'. పరికరంతో జాడ తీస్తే 'బి'. జాగ్రత్తగా తవ్వి కళ్లతో చూస్తేనే 'ఎ'.

అంటే ఎంత పెద్ద యంత్రమున్నా చివరికి నమ్మేది కంటినీ చేతినే. అదీ పలుగుతో కాదు, పారతో. గుర్తు పెట్టినచోట నేరుగా పైనుంచి పొడవకూడదు. పక్కన దిగి అడ్డంగా మట్టి తీసుకుంటూ రావాలి. పరికరం చూపించే లోతును నమ్ముకుని 'ఇంకా రెండడుగులుంది' అని యంత్రం దింపకూడదు. నేల తీరును చదవాలి. గట్టి మట్టి మధ్యలో ఒక్కసారిగా మెత్తటి ఇసుక తగిలిందంటే ఎవరో ముందే తవ్వి ఏదో పెట్టారన్నమాట. కరెంటు కేబుల్ వేసేటప్పుడు ఇసుక పరిచి పైన ఇటుకలు పేర్చడం మన దగ్గర మామూలే. వరసగా ఇటుకలు కనిపిస్తే అవి పాత గోడవి కాకపోవచ్చు! బయటపడిన ప్రతి తీగలోనూ కరెంటు ఉందనే అనుకోవాలి, లేదని తేలేదాకా.

మరి మన సంగతి? హైదరాబాదే తీసుకోండి. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద కట్టడితోపాటు మురుగునీటి వ్యవస్థకూ ప్రణాళిక ఇచ్చారు. ఆ తర్వాత వందేళ్లలో దాని మీద మంచినీటి గొట్టాలు, కరెంటు, టెలిఫోన్, ఫైబర్, ఇప్పుడు ఇంటింటి గ్యాసు. ఎవరి గొయ్యి వాళ్లది, ఎవరి మ్యాపు వాళ్లది. కొన్నింటి దారి రిటైరైపోయిన లైన్‌మన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే కాగితం మీద మూడడుగుల లోతు ఇప్పుడు ఎంతైందో లెక్కలేదు. మెట్రో స్తంభాలు లేపడానికి ముందు చాలా చోట్ల ఈ గొట్టాలనూ తీగలనూ పక్కకు జరపడమే పెద్ద పనైంది.

దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాల్వ తవ్వినా పాలమూరు కూలీలు ఉండేవాళ్లంటారు. పలుగూ పారా వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. కానీ నగరంలో కందకం తవ్వే కూలీకి నేల కింద ఏముందో చెప్పేదెవరు? రోజుకూలి ఇచ్చే మేస్త్రీకి కాంట్రాక్టరు చెప్పాలి, కాంట్రాక్టరుకు శాఖ చెప్పాలి. ఈ వరసలో ఎక్కడ మాట ఆగిపోయినా మంట తగిలేది చివరి మనిషికే. అతని దగ్గర చాలాసార్లు రబ్బరు చేతితొడుగులు కూడా ఉండవు.

2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను ప్రధాని ప్రారంభించారు. తవ్వాలనుకునే సంస్థ ఎక్కడ, ఎప్పుడు తవ్వబోతోందో అందులో పెడితే ఆ దారిలో తీగలూ గొట్టాలూ ఉన్న సంస్థలకు సందేశం వెళుతుంది. వాళ్లు తమవి ఎక్కడున్నాయో చెప్పాలి. చెప్పకుండా తవ్వి టెలికాం కేబుల్‌ను పాడుచేస్తే నష్టం కట్టాల్సిందేనంటూ అదే ఏడాది జనవరిలో నిబంధనలూ వచ్చాయి. అమెరికాలో ఈ పనికి 2007 నుంచీ దేశమంతటికీ ఒకటే ఫోన్ నంబరు, 811. ఇంటి పెరట్లో చెట్టు నాటాలన్నా ముందు ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. అక్కడున్న తెలుగువాళ్ల పెరళ్లలోనూ పచ్చిక మీద రంగురంగుల గీతలూ చిన్న జెండాలూ కనిపించేది అందుకే. ఎరుపైతే కరెంటు, పసుపైతే గ్యాసు, నారింజరంగు ఫోనూ కేబులూ, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. తవ్వబోయే చోటుకు తెలుపు.

యాప్ వచ్చింది కాబట్టి జాడ తీసేవాళ్లు అక్కర్లేదా అంటే, అసలు అవసరం ఇప్పుడే. యాప్ చెప్పేది సంస్థ దగ్గరున్న మ్యాపునే. మ్యాపులోకి ఎక్కని వంపులు పరికరం పట్టుకుని నడిచేవాడికే దొరుకుతాయి.

ఇంటి ముందు తవ్వుతుంటే...

గేటు స్తంభానికో, ఇంకుడు గుంతకో, బోరుకో నేల తవ్విస్తున్నారా? మీటరు ఏ గోడకుంది, నీళ్ల వాల్వు ఎక్కడ, గ్యాసు కనెక్షన్ ఎటువైపు నుంచి వచ్చింది... ముందు ఇంటి చుట్టూ ఓసారి తిరిగి చూడండి. వాటి నుంచి రోడ్డుకు వెళ్లే దారిలోనే తీగో గొట్టమో ఉంటుంది. లైన్‌మన్‌నూ గ్యాసు కంపెనీనీ అడగండి.

గ్యాసు పైపు తెగి బుస్సుమని వాసన వస్తే గుడ్డ కుక్కి ఆపాలని చూడకండి. లైటు స్విచ్చు వేయొద్దు, తీయొద్దు. జేసీబీ ఇంజిను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయనివ్వొద్దు. అందర్నీ దూరం పంపి, దూరం వెళ్లాకే ఫోన్ చేయండి. యంత్రం కరెంటు కేబుల్‌ను పట్టేస్తే డ్రైవరును హడావుడిగా కిందికి లాగకండి. నేలమీదున్న వాళ్లెవరూ యంత్రాన్ని తాకకూడదు. కరెంటు ఆపేశారని తెలిసేదాకా అతను లోపలే కూర్చోవడం మేలు.

ఇక పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ 'ఇక్కడేం లేదు సార్, మాకు తెలుసుగా' అంటే మాత్రం, ఎలా తెలిసిందో ఓసారి అడగండి.